పడిశం పది రోగాల పెట్టు

కృష్ణదేవిపేటలో ఉంటున్న మా మామయ్యగారికి ఒక నియమం ఉంది. సాయంత్రమయ్యేసరికి చేతికర్ర పుచ్చుకుని అల్లూరి సీతారామరాజు సమాధిదాకా వెళ్లి రావలసిందే. గుండెపోటు వచ్చి తేరుకున్నాక కూడా ఆ నియమం తప్పలేదు. అటువంటి మనిషి, కిందటి వానాకాలం నేను నర్సీపట్నం నుంచి వెళ్లేసరికి, రగ్గు కప్పుకుని మూలుగుతున్నారు. ఒళ్లు కాలిపోతున్నది. దగ్గు తెరిపి ఇవ్వడం లేదు.

"డాక్టరుకు చూపించలేదా, మామయ్యా?" అన్నాను.

"పడిశానికి డాక్టరేమిటోయ్! మీ అత్తయ్య మిరియాల కషాయం చాలదూ?" అన్నారు.

పడిశం పది రోగాల పెట్టని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణే గాని, ఆ పదింటిలో గుండెపోటు కూడా ఉందని నాకూ తెలియదు. బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను.

"ఇది పడిశం కాదు, ఫ్లూ" అన్నారాయన. ఫ్లూ వచ్చినప్పుడు రక్తనాళాలలో వాపు రేగుతుందట. లోపల పేరుకున్న కొవ్వు పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు. జ్వరానికి గుండె వేగం పెరుగుతుంది. నెమ్ము చేస్తే ప్రాణవాయువు చాలదు. బలహీనమైన గుండె ఇన్ని బరువులు మొయ్యలేదు.

కెనడాలో చేసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. ఫ్లూ అని తేలిన మొదటి 7 రోజులలో గుండెపోటు ముప్పు మామూలుకంటె సుమారు 6 రెట్లట! 2021లో మరొకటి వచ్చింది. బంగ్లాదేశ్‌తో సహా 8 దేశాలలో 2,500 మందికి పైగా గుండెరోగులలో సగం మందికి ఫ్లూ టీకా, తక్కినవారికి ఉత్త సూది వేశారు. ఏడాదిలో టీకా పొందినవారిలో నూటికి సుమారు ముగ్గురు, పొందనివారిలో సుమారు ఐదుగురు మరణించారు.

టీకా వేసుకుంటే ఫ్లూ రానే రాదని కాదు. గుండె మాత్రలు మానవచ్చుననీ కాదు. ఫ్లూ క్రిమి తరచు వేషం మారుస్తుంది కనుక ఏటా వేయించుకోవాలి. నెమ్ము రాకుండా కాపాడే న్యూమోకోకల్ టీకా వేరే ఉంది.

కోలుకున్నాక మామయ్యగారికి టీకా వేయించాను. "చంటిపిల్లాణ్ణా నేను?" అంటూనే చెయ్యి చాపారు. చేతికర్ర మళ్లీ సమాధి దారి పట్టింది.

మీ ఇంట గుండెజబ్బు గల పెద్దలుంటే, ఈసారి డాక్టరును ఈ ఒక్క మాటా అడగండి.