నల్లమల చెంచులు: నీటి ప్రశ్న

చెంచులక్ష్మి కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. 1943లో ఒకసారి, 1958లో మరోసారి అది సినిమాగా కూడా వచ్చింది. కానీ ఎండాకాలంలో చెంచుపెంటకు నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయని అడిగితే మనలో చాలామందిమి జవాబు చెప్పలేం. (చెంచులు తమ చిన్న గూడేన్ని పెంట అంటారు.) ఆ ప్రశ్ననే ఇక్కడ చర్చించదలిచాం.

పాలమూరు కరువంటే మనం ఎండిన చెరువుల గురించీ, పడావు పడ్డ భూముల గురించీ, వలసపోయే దళిత బహుజన కూలీల గురించీ రాస్తాం. రాయాల్సిందే. దేశంలో ఎన్నో డ్యాములు కట్టిన ఆ కూలీల ఊళ్లకే నీళ్లు లేకపోవడం చిన్న అన్యాయం కాదు. అయితే పాత పాలమూరు జిల్లా దక్షిణపు కొసన, ఇవాళ్టి నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ గుట్టల మీదున్న చెంచులకు ఎండడానికి చెరువు కూడా లేదు. అందుకే కరువు లెక్కల్లో వాళ్లు కనిపించరు.

పైన గుట్ట, కింద లోతైన లోయలో కృష్ణ. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. అందులోంచి కాలువలు పోయాయి, కరెంటు పోయింది. 1983 ఒప్పందం ప్రకారం మద్రాసు దాహం తీర్చడానికి 12 టీఎంసీలు ఇవ్వాలని తెలుగుగంగ తవ్వారు. గుట్ట మీది పెంటకు మాత్రం వాగే దిక్కు. వాగు ఎండితే ఇసుకలో చెలమ తీసుకోవాలి. ఊటకు ఊరేదాకా కూచుని, ముంతతో తోడుకోవాలి. గట్టి రాతినేల కాబట్టి బోరు వేసినా పగుళ్లలో నీరు దొరికితేనే దొరికినట్టు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చింతపండు, ఇప్పపువ్వు, తేనె, తపసిబంక - వీటిలో ఎక్కువభాగం చేతికొచ్చేది ఎండాకాలంలోనే. బంక తీయాలంటే చెట్టుకు గాటు పెట్టి, కొన్నాళ్లకొకసారి మళ్లీ ఆ చెట్టు దగ్గరికి పోవాలి. అంటే చెంచులకు సంపాదన కాలమూ దప్పిక కాలమూ ఒకటే. పొద్దంతా చెలమ దగ్గర గడిపిన ఆడమనిషి ఆరోజు బంకకు పోలేదు. గిరిజన సహకార సంస్థ డిపోలో తూకం తగ్గితే దానికి సోమరితనం అని పేరు పెట్టేవాళ్లున్నారు. అది నీళ్లు మోసిన కాలం.

దప్పికకు ఇంకో ఉపయోగం కూడా కనిపెట్టారు. ఇది పులుల అభయారణ్యం. "లోపల రోడ్డు లేదు, నీళ్లు లేవు, బడి లేదు, బయటికి రండి, డబ్బులిస్తాం" అనే మాట చెంచులకు కొత్త కాదు. నీళ్లివ్వకుండా ఉంచి, ఆ తర్వాత తీసుకునే ఒప్పుకోలును ఇష్టపూర్వకం అనొచ్చా? అనలేమని మేము భావిస్తున్నాం.

అడవి చట్టాలు అడ్డమొస్తున్నాయనే సాకు కూడా చెల్లదు. 2006 అటవీహక్కుల చట్టం సెక్షన్ 3(2) తాగునీటి సరఫరాకు, పైపులైన్లకు, వాననీటిని నిలిపే కట్టడాలకు అటవీభూమి ఇవ్వొచ్చంది. షరతులేమిటి? ఒక్కోదానికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75కు మించకుండా చెట్ల నరికివేత, గ్రామసభ సిఫారసు. ఈ చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతమంతటి మీదా హక్కును సెక్షన్ 3(1) గుర్తించింది. చెంచుల ఆవాసమంటే గుడిసెలున్న జాగా ఒక్కటే కాదు. ఊట, వాగు, తేనె కొండ, తపసిచెట్టు అన్నీ కలిసే ఆవాసం.

కాబట్టి పెంటకు నీళ్లు అడగడమంటే ట్యాంకరు అడగడం కాదు. ఏ ఊటను బాగుచెయ్యాలో, ఏ వాగుకు అడ్డం కట్టాలో ఆ పెంట గ్రామసభే చెప్పాలి. అటవీశాఖ, ఐటీడీఏ ఆ మాట వినాలి. పెంటలో నీళ్లున్నాక కూడా బయటికి పోతామని చెంచులే అంటే, అప్పుడది వాళ్ల నిర్ణయం.