పాత పికప్పు బండికి సరియైన చక్రము నెంచుకొనుట ఎట్లు?

ఎడ్లబండికి చక్రము మార్చవలసి వచ్చినప్పుడు మన రైతు ఏదో యొక చక్రమును తెచ్చి ఇరుసునకు తొడుగడు. వడ్రంగిని పిలిపించి, నడిమి కుండ ఇరుసు లావునకు సరిపోవునో లేదో, క్రొత్త చక్రము రెండవదానితో సమానమైన ఎత్తు కలదో లేదో, కడసీల గట్టిగా నిలుచునో లేదో చూపించును. అన్నియు కుదిరినగాని పైకము చెల్లింపడు. అట్టి రైతే మోటారు పికప్పునకు చక్రము కొనబోయినప్పుడు ఈ జాగ్రత్త నంతయు మరచి, "ఐదు బెజ్జములు గలది ఒకటి యిమ్ము" అని యడుగుచున్నాడు. ఎడ్లబండి నడకకు జరుగని కీడు మోటారు వేగమునకు జరుగును. కావున ఈ మాసమున ఈ విషయమును గూర్చి కొంచెము వివరముగా వ్రాయదలచితిమి.

మన సభ్యులలో పలువురు పదునైదు, ఇరువది యేండ్లు నడచిన పికప్పులను కొని కూరగాయలను, ధాన్యమును, ఎరువులను తోలుకొనుచున్నారు. ఇట్టి బండ్లకు గోతులలో పడి రిమ్ములు వంగుట, తుప్పు పట్టి చిల్లులు పడుట సహజము. బండి తయారీయే నిలిచిపోయినచో అసలు రిమ్ము దొరకదు. అప్పుడు పాత సామానుల యంగడికి పోవలసి వచ్చును. ఇచ్చట చక్రమనగా రబ్బరు టైరు గాదు. దానిని మోయు ఇనుప రిమ్ము. మెకానిక్కులు దీనినే డిస్కు అందురు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక సభ్యుడు ఇట్లే ఒక రిమ్మును తెచ్చి మాకు చూపెను. మేము బండియొద్దకు పోయి, ఐదు బోల్టులును ఐదు బెజ్జములలో దూరుట చూచి, "కుదిరినది గదా, వేసికొనుము" అంటిమి. అతడు మా మాట నమ్మెను. పదునొకండవ దినమున టమాటాలతో మదనపల్లె సంతకు పోవుచుండగా ఆ చక్రము ఊడిపోయెను. బండి ప్రక్కకు ఒరిగెను. సరకు రోడ్డుపాలయ్యెను. వెనుక కూర్చుండిన కూలి కుఱ్ఱవాని కాలు విరిగి మూడు నెలలు మంచము పట్టెను. తరువాత విప్పి చూడగా, బెజ్జములు సరియైనవే గాని, నట్టు కూర్చుండు గుంటల ఆకారము వేఱు. ఆ తప్పు అంగడివానిది గాదు, రైతుది గాదు. చూచి చెప్పవలసిన మాది. ఆనాటినుండి మేము తెలిసికొన్న దానిని ఆఱు అంశములుగా ఇచ్చుచున్నాము. వీనిలో ఏ యొక్కటి తప్పినను ఆ చక్రము మీ బండిది కాదు.

మొదటిది: బెజ్జముల సంఖ్యయు, వాని వలయమును

బెజ్జముల మధ్యబిందువుల మీదుగా గీచిన వలయముయొక్క వ్యాసమే ముఖ్యమైన కొలత. నాలుగు లేక ఆఱు బెజ్జములున్నచో ఎదురెదురు బెజ్జముల మధ్యనుండి మధ్యకు కొలిచిన చాలును. ఐదున్నచో ఎదురు బెజ్జముండదు. అప్పుడు ఒక బెజ్జమునుండి, ప్రక్కదానిని విడిచి, దాని తరువాతి బెజ్జము వఱకు మధ్యనుండి మధ్యకు కొలిచి, ఆ కొలతను 1.0515 చే గుణింపవలెను. 132.9 మిల్లీమీటర్లు వచ్చినచో వలయము 139.7; 120.8 వచ్చినచో 127, 108.7 వచ్చినచో 114.3. బెజ్జపు మధ్యను గుర్తించుట కష్టమైనచో, ఒకదాని యెడమ అంచునుండి రెండవదాని యెడమ అంచు వఱకు కొలిచినను ఫలితమొకటే.

విల్లీస్ జీపునకు ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయము, అనగా ఐదున్నర అంగుళములు. 1985లో వచ్చిన మారుతి జిప్సీకిని అదే కొలత. తడ మండలమునకు చేరువనున్న శ్రీసిటీలో 2016లో ఆరంభమైన కర్మాగారమున తయారైన ఇసుజు డి-మాక్స్ పికప్పునకు వలయము 139.7 యే గాని, బోల్టులు ఆఱు. కావున సంఖ్యయు, వలయమును రెండును కలియవలయును.

బండి పేరు ఒకటే యని కూడ నమ్మరాదు. అమెరికాలో ఫోర్డు ఎఫ్-150 పికప్పునకు 1996 వఱకు ఐదు బోల్టులు, 139.7 వలయము. 1997 నమూనానుండి బోల్టులు ఐదే, వలయము 135. తేడా 4.7 మిల్లీమీటర్లు మాత్రమే, కంటికి ఆనదు. 2004లో వచ్చిన క్రొత్త నమూనాకు ఆఱు బోల్టులైనవి. పేరును గాక, బండి పుట్టిన సంవత్సరమును, కొలతను నమ్మవలెను.

రెండవది: నడిమి బెజ్జము

హబ్బు నడుమ పొడుచుకొని యుండు గుండ్రని భాగము రిమ్ము నడిమి బెజ్జములో ఇమిడి యుండవలెను. బెజ్జము చిన్నదైనచో చక్రము ఎక్కనే యెక్కదు. పెద్దదైనచో ఎక్కును గాని నడుమకు సరిగా రాక వణకును. టొయోటా హైలక్స్ నడిమి బెజ్జము సుమారు 106 మిల్లీమీటర్లు. డి-మాక్స్‌ది సుమారు 100. ఈ రెంటికిని ఆఱు బోల్టులు, ఒకే వలయము; ఐనను హైలక్స్ రిమ్ము డి-మాక్స్‌పై వదులుగా నుండును, డి-మాక్స్ రిమ్ము హైలక్స్‌పై కూర్చుండదు. బెజ్జమును ఆకురాయితో అరగదీసి పెద్దది చేయించుట ఎన్నడును కూడదు.

మూడవది: లోపలికో వెలుపలికో యను కొలత

హబ్బునకు ఆనుకొను ముఖము రిమ్ము వెడల్పునకు సరిగా నడుమ నుండదు. నడుమనుండి అది ఎంత దూరము జరిగియున్నదో ఆ కొలతను ఆఫ్‌సెట్ అందురు. ముఖము వెలుపలి వైపునకు జరిగియున్నచో ధనసంఖ్య, లోపలి వైపునకు జరిగియున్నచో ఋణసంఖ్య. కొలుచుటకు రిమ్ము లోపలి అంచులపై ఒక తిన్నని బద్దను అడ్డముగా నుంచి, అచ్చటినుండి ఆనుకొను ముఖము వఱకు లోతు తీయవలెను. దానినుండి రిమ్ము మొత్తము వెడల్పులో సగమును తీసివేసిన మిగిలినదే ఆఫ్‌సెట్. మొత్తము వెడల్పు 178, లోతు 109 అయినచో, 109లో 89 పోగా 20 మిగులును.

ఈ సంఖ్య మీ పాత రిమ్ముకంటె చాల తక్కువయైనచో చక్రము వెలుపలికి పొడుచుకొని వచ్చి బేరింగులను తినివేయును. చాల ఎక్కువయైనచో లోపలికి పోయి పట్టీలకో, బ్రేకునకో ఒరయును.

నాలుగవది: నట్టు గుంటయు, మరయును

మేము మోసపోయినది ఇచ్చటనే. కొన్ని రిమ్ముల గుంటలు గరాటువలె ఏటవాలుగా నుండును. కొన్ని గోళీ ఒత్తిన పల్లమువలె గుండ్రముగా నుండును. కొన్ని సమతలముగా నుండును. నట్టు ముఖము గుంట ఆకారమునకు సరిపోవలయును. గుండ్రని గుంటలో ఏటవాలు నట్టును బిగించినచో అది సన్నని అంచుమీద మాత్రమే ఆనును. బిగువు మొదట గట్టిగనే తోచును. నాలుగు దినములు నడచిన పిమ్మట సడలును. నట్టుకు కొంచెము సున్నము పూసి చేతితో బిగించి విప్పి చూచినచో, గుంటలో సున్నము వెడల్పైన పట్టీగా అంటినదా, సన్నని గీతగా అంటినదా తెలిసిపోవును. సన్నని గీతయైనచో ఆ జత పనికిరాదు. చూచిన పిదప సున్నమును తుడిచివేయవలెను.

నట్టు మరయు బోల్టు మరయు ఒక్కటి కావలయును. చేతితో తిరుగని నట్టును పానాతో బలవంతముగా త్రిప్పరాదు. పాత విల్లీస్ జీపులలో ఎడమవైపు చక్రములకు ఎడమ మర యుండెడిది. అట్టి బండిని ఇంకను నడుపువారు ఏ వైపు నట్టులను ఆ వైపునకే ఉంచుకొనవలెను.

ఐదవది: రిమ్ము వ్యాసము, వెడల్పు, టైరు

టైరు ప్రక్కన 215/75ఆర్15 వంటి గుర్తుండును. 215 వెడల్పు మిల్లీమీటర్లలో. 75 ఎత్తు, వెడల్పులో నూటికి అంత. 15 రిమ్ము వ్యాసము అంగుళములలో. ఈ టైరు మొత్తము ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. దీని స్థానమున 235/75ఆర్15 వేసినచో ఎత్తు 733 అగును. నూటికి నాలుగుకంటె ఎక్కువ పెరిగినది. వేగము చూపు ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపును. మలుపులలో టైరు మడ్గార్డునకు తగులవచ్చును. ఒకే ఇరుసున రెండు వైపులను ఒకే కొలత యుండవలెను.

రిమ్ము అంగుళములలో అర తేడాను గూడ ఉపేక్షింపరాదు. అమెరికాలో పాత పికప్పులకు కొన్నింటికి పదియాఱున్నర అంగుళముల రిమ్ములుండెడివి. వానిపై పదియాఱు అంగుళముల టైరును ఎక్కించి గాలి కొట్టగా టైరు పగిలి మనుష్యులు మరణించిన సంగతులు కలవు. టైరు రిమ్ముపై సరిగా కూర్చుండనిచో గాలి హెచ్చించి కూర్చుండబెట్టుదమను తలంపు ప్రాణాపాయము.

ఆఱవది: బరువు మోయు శక్తి

ఇది కంటికి కనబడదు. కావుననే తఱచుగా మరువబడుచున్నది. జిప్సీ తేలికబండి. దాని రిమ్ము జీపు జాతి సరకుబండి బోల్టులకు ఎక్కినంత మాత్రమున టన్నునకు పైబడిన సరకును మోయునని తలంపరాదు. వెనుక ఇరుసుపై 1,800 కిలోల బరువునకు అనుమతి యున్నచో ఒక్కొక్క చక్రము 900 కిలోలకు తక్కువ కానిదై యుండవలెను. టైరుపై కొలత ప్రక్కనుండు అంకె దానిని తెలుపును: 100 అనగా 800 కిలోలు, 104 అనగా 900, 109 అనగా 1,030. రిమ్ముమీద గరిష్ఠభారము అచ్చొత్తి యున్నచో దానినిగూడ చూడవలెను. లేనిచో, మీ బండికి సమానమైన లేక అంతకంటె బరువైన సరకుబండినుండి తీసిన రిమ్మునే కొనవలెను. కార్లకు వేయు అందమైన అల్యూమినియము చక్రములను సరకుబండికి తగిలింపరాదు.

కొనుటకు ముందును, తగిలించిన తరువాతను

పాత రిమ్మును తుడిచి ఎండలో పరీక్షింపవలెను. బెజ్జముల చుట్టు వెండ్రుకవంటి చీలిక యున్నను, బెజ్జము కోలగా అరిగినను, ఎచ్చటనైనను వెల్డింగు అతుకున్నను దానిని అచ్చటనే విడిచి రావలెను. పైకము చెల్లింపకముందే టైరు లేని రిమ్మును ముందు హబ్బునకు బిగించి, చేతితో త్రిప్పి, స్టీరింగును రెండు వైపులకు పూర్తిగా మరల్చి, ఎచ్చటను తగులుట లేదని చూడవలెను.

తగిలించునప్పుడు హబ్బు ముఖముపైని తుప్పును, రంగు పొరలను గీకివేయవలెను. నట్టులను వరుసగా గాక, ఒకటి విడిచి యొకటి చుక్క ఆకారమున బిగింపవలెను. చివరి బిగువు బండి నేలకు దిగిన పిమ్మట, బండి పుస్తకమున చెప్పిన మేరకు ఇయ్యవలెను. ఏబది మొదలు నూఱు కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగువు చూచుట మరువరాదు. ఊరకే పది నిమిషముల పని. మా సభ్యుడు ఆ పని చేసియుండినచో నట్టుల సడలింపు ఆనాడే బయటపడియుండెడిది.

సంఘము చేయదగిన పని

ప్రతి సంఘమును ఒక చిట్టాపుస్తకము పెట్టి, సభ్యుల బండ్లకు ఒక్కొక్కదానికి బోల్టుల సంఖ్య, వలయము, నడిమి బెజ్జము, ఆఫ్‌సెట్, మర, నట్టు గుంట ఆకారము, టైరు కొలత వ్రాసియుంచవలెనని మా మనవి. బండి చక్కగా నడచుచున్నప్పుడే, అసలు చక్రము చేతనున్నప్పుడే ఈ కొలతలు తీయవలెను. విరిగిన పిదప కొలుచుటకు ఏమియు మిగులదు. ఒకే కొలత బండ్లు నాలుగైదున్నచో రిమ్ములను కలిసి తెప్పించుకొనవచ్చును. ఒక మంచి స్టెప్నీని సంఘము కార్యాలయమున ఉమ్మడిగా నుంచుకొనవచ్చును.

పాత రిమ్ముమీద మిగుల్చుకొను కొలది రూపాయలు మంచివే. మేము పొదుపును కాదనము. కాని ఆ బండి వెనుక సరకు మాత్రమే కూర్చుండదు. ఆ కుఱ్ఱవాడు ఇప్పటికిని కొంచెము కుంటుచు నడచును. అతడు ఎదురైనప్పుడెల్ల మాకు ఆ ఐదు బెజ్జములు జ్ఞప్తికి వచ్చును. కావున ఎవరైన మాకు రిమ్ము చూపి "ఇది కుదురునా?" అని యడిగినచో, ఇప్పుడు మేము ముందుగా కొలబద్దను తీయుదుము, మాట తరువాత చెప్పుదుము. మీరును అట్లే చేయుడు.