హోంవర్కు దగ్గర మొరాయించే పిల్లలు - కోప్పడే ముందు చూడవలసిన సంగతులు



బడులు తెరిచిన రెండు మూడు నెలలకు మా పిల్లల విభాగంలో కొన్ని మాటలు తరచుగా వింటుంటాం. "ఆటలకైతే హుషారే డాక్టరుగారూ, పుస్తకం తీస్తే చాలు తలనొప్పి అంటాడు." "రాత్రి పదైనా హోంవర్కు తెమలదండీ, నాలుగు దెబ్బలు పడితేగాని కూర్చోదు." ఆ వెంటనే, జ్ఞాపకశక్తికి మంచి టానిక్కు ఏదైనా రాయమని అడుగుతారు.

చదువు వచ్చేలా చేసే టానిక్కు ఏదీ లేదు. అయితే ఒక్క మాట ఆలోచించండి. జ్వరం వచ్చిన బిడ్డను మనం కొట్టం, జ్వరం ఎందుకు వచ్చిందో చూస్తాం. హోంవర్కు దగ్గర రోజూ జరిగే పేచీ కూడా చాలాసార్లు అలాంటి లక్షణమే. కనుక బద్ధకమని పేరు పెట్టే ముందు ఈ కింది సంగతులు ఒక్కొక్కటిగా చూడండి.

కళ్ళు

దూరపు చూపు తగ్గిన పిల్లలకు బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపిస్తాయి. పక్కవాళ్ళ పుస్తకంలో చూసి డైరీ రాసుకుంటారు, సగం తప్పుగా రాసుకుంటారు. ఇంటికి వచ్చాక ఏం చేయాలో వాళ్ళకే తెలియదు. మరికొందరికి దగ్గరి చూపులో లోపం ఉంటుంది. అరగంట చదివేసరికి కళ్ళు లాగుతాయి, తల నొస్తుంది. పుట్టినప్పటి నుంచి లోకం అలాగే కనిపిస్తోంది కాబట్టి, తమకు సరిగా కనబడటం లేదని పిల్లలు తమంతట తాము చెప్పలేరు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. గోడకున్న క్యాలెండరుకు పది అడుగుల దూరంలో బిడ్డను నిలబెట్టి, ఒక కన్ను మూసి తేదీలు చదివించండి. తర్వాత రెండో కన్ను మూసి చదివించండి. ఒక కంటితో చదివి రెండో కంటితో తడబడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. తేదీలు చక్కగా చదివినా తలనొప్పి పోకపోతే అప్పుడు కూడా చూపించాలి. ఒక కన్ను మందగించిన పిల్లలకు ఏడెనిమిదేళ్ళలోపు చికిత్స మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

"ఇప్పటినుంచే కళ్ళజోడు పెడితే చూపు ఇంకా తగ్గుతుందేమో", "ఆడపిల్లకు అద్దాలేమిటి, రేపు పెళ్ళి ఎలా" అని కొందరు వెనుకాడతారు. అద్దాల వల్ల చూపు తగ్గదు. అవి లేకపోవడం వల్ల తగ్గేది బిడ్డ చదువు.

చెవులు

జలుబుతో పాటు తరచుగా చెవిపోటు, చెవిలో చీము వచ్చే పిల్లలకు వినికిడి కొంత తగ్గుతుంది. గుబిలి గట్టిపడినా అంతే. టీచరుగారు చెప్పిన దానిలో సగమే చెవిన పడుతుంది. పిలిస్తే పలకకపోవడం, "ఆఁ?" అని మళ్ళీ మళ్ళీ అడగడం, టీవీ సౌండు పెంచడం గమనించండి. చెవిలో నూనె పోయకండి, పుల్లలు పెట్టకండి. డాక్టరుకు చూపించండి.

రక్తం, కడుపు

రక్తహీనత ఉన్న పిల్లలు త్వరగా అలసిపోతారు, ఒకచోట మనసు పెట్టలేరు. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో హిమోగ్లోబిన్ 11.5 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తాం. ఒక చిన్న రక్తపరీక్షతో ఇది తెలిసిపోతుంది. తోటకూర, మునగాకు, శనగలు, మాంసాహారులైతే మేక కార్జం పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండినా, తర్వాత జామకాయ తిన్నా ఇనుము బాగా వంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, అది ఇనుమును వంటబట్టనివ్వదు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను, ఐరన్ మాత్రను మాన్పించకండి.

బడి నుంచి ఆకలితో వచ్చిన బిడ్డను నేరుగా పుస్తకాల ముందు కూర్చోబెట్టడం కూడా సరికాదు. ముందు ఏదైనా తిననివ్వండి. ఒక గంట వీధిలో ఆడుకోనివ్వండి. పగటి వెలుతురులో ఆడుకునే పిల్లల్లో దూరపు చూపు తగ్గే అవకాశం తక్కువ.

నిద్ర

6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 దాటినవారికి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి, తెల్లవారుజామున లేచి చదివే బిడ్డకు చదివింది నిలవదు. నోరు తెరిచి గురకపెట్టే పిల్లలకు టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి నిద్ర చెడుతూ ఉండవచ్చు. అదీ చూపించుకోవాలి.

అక్షరాలతో ఇబ్బంది

కొందరు పిల్లలు నోటితో అడిగితే చక్కగా జవాబు చెబుతారు, రాయమంటే రాయలేరు. గుణింతాలు, వత్తులు ఎన్నిసార్లు దిద్దించినా తారుమారు చేస్తారు. చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. ఇది డిస్లెక్సియా కావచ్చు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలోని పిల్లవాడి కష్టం ఇదే. ఇది తెలివితక్కువతనం కాదు. అక్షరాన్ని, శబ్దాన్ని జతపరచుకోవడంలో మెదడుకు కలిగే ఇబ్బంది. తగిన పద్ధతిలో నేర్పిస్తే వీరూ చదువుకోగలరు. నిర్ధారణ సాధారణంగా ఎనిమిదేళ్ళ వయసు తర్వాతే చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్టు ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడగవచ్చు.

చదువుతూ చదువుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టే పిల్లలను మందలించకండి. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. మందులతో అదుపులో ఉంటుంది.

అసలు పని ఎంత?

బిడ్డ ఆరోగ్యంగానే ఉన్నా, ఇచ్చే పనే మోయలేనంత కావచ్చు. కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కు ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి రెండు గంటలు, 6 నుంచి 8 వరకు రోజుకు గంట, ఆపై తరగతులకు రోజుకు రెండు గంటలు మించకూడదు. బడి, ఆపైన ట్యూషను, ఆపైన రెండింటి హోంవర్కు కలిపి మీ బిడ్డకు ఎన్ని గంటలవుతోందో ఒక వారం రాసి చూడండి. ఎక్కువైతే ఆ కాగితం పట్టుకుని టీచరుగారితో నెమ్మదిగా మాట్లాడండి.

మాకు చదువు రాదు, మేమేం చేయగలం?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది తల్లులు అడుగుతారు. అమ్మా, మీరు చేయగలిగింది ఎంతో ఉంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, మంచి వెలుతురులో కూర్చోబెట్టండి. ఆ గంట టీవీ, ఫోను ఆపండి. కూరగాయలు తరుగుతూనైనా పక్కన కూర్చుని, "ఇవాళ ఏం చెప్పారు నాన్నా, నాకూ చెప్పు" అని అడగండి. ఇంకొకరికి విడమరచి చెప్పిన పాఠం బాగా గుర్తుంటుంది. అరగంటకోసారి లేచి నీళ్ళు తాగి రానివ్వండి. రాని లెక్కను మీరు గాని, అన్నయ్య గాని చేసిపెట్టవద్దు. రాలేదని టీచరుగారికి తెలియడమే మంచిది.

కొట్టవద్దు. భయపడిన మనసుకు వచ్చిన పాఠం కూడా గుర్తుకు రాదు. "పక్కింటి పిల్లను చూడు" అనే మాట దెబ్బకంటే ఎక్కువ కాలం నొప్పి పెడుతుంది. బడిలోనూ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది.

బడి ఉన్న రోజుల్లోనే ఉదయం కడుపునొప్పి వచ్చి, ఆదివారం రాకపోతే, బడిలో దేనికో భయపడుతున్నాడేమో బుజ్జగించి అడగండి. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మా వద్దకు వచ్చేటప్పుడు బిడ్డతో పాటు నోటు పుస్తకాలు, స్కూలు డైరీ కూడా తీసుకురండి. ఎక్కడ అక్షరం తప్పుతోందో, ఎక్కడ రాత ఆగిపోతోందో చూస్తే ఏ పరీక్షలు అవసరమో మాకు త్వరగా తెలుస్తుంది. ఇంకొక్క మాట. ఆ పుస్తకాలు మా ముందు తెరిచేటప్పుడు బిడ్డ వింటూ ఉంటాడు. "వీడికి చదువు రాదండీ" అనకండి. "వీడికి ఎక్కడో కష్టంగా ఉందండీ, చూడండి" అనండి.