మందు ఒంటికే కాదు, మనసుకూ కావాలి

హెచ్‌ఐవి సోకిన పురుషుణ్ణి గురించి మాట్లాడవలసి వస్తే, అది అతనికి ఎలా సోకిందన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతాము. ఆ తరువాత అతడు ఎలా బ్రతుకుతున్నాడన్నది మనకు పట్టదు.

వ్యాధి నిర్ధారణ అయిన నాటి నుండి అనేకులను రెండు భయాలు వెంటాడుతాయి. విషయం నలుగురికీ తెలిసిపోతుందేమోనన్నది ఒకటి. తన వల్ల భార్యకు సోకుతుందేమోనన్నది రెండవది. ఈ భయంతోనే కొందరు పడక వేరు చేసుకుంటారు. కారణం తెలియని ఇల్లాలు దానిని నిరాదరణగా భావించి కుమిలిపోతుంది. మౌనం ఇద్దరినీ దహిస్తుంది.

హెచ్‌ఐవితో జీవించే పురుషులలో కుంగుబాటు, లైంగిక బలహీనత ఇతరులలో కంటే అధికంగా కనిపిస్తాయి. దీనికి అపరాధ భావన, దిగులు మాత్రమే కారణం కాదు. టెస్టోస్టిరాన్ తగ్గడం, మధుమేహం, రక్తపోటు, పొగత్రాగడం, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అయితే సిగ్గుపడి, వైద్యునికి చెప్పకుండా దుకాణంలో 'శక్తి మాత్రలు' కొనడం ప్రమాదకరం. రిటోనవిర్ వంటి హెచ్‌ఐవి మందులు వాడేవారిలో సిల్డెనాఫిల్ మోతాదు రక్తంలో విపరీతంగా పెరిగి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇక రెండవ భయానికి వైద్యశాస్త్రం స్పష్టమైన సమాధానమిచ్చింది. మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుండి లైంగికంగా జీవిత భాగస్వామికి హెచ్‌ఐవి సోకదు. 2016లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనం 888 జంటలను పరిశీలించగా, చికిత్సలో ఉన్న భాగస్వామి నుండి ఒక్కరికీ సోకినట్లు తేలలేదు. వైరల్ లోడ్ పరీక్ష ఈ స్థితిని నిర్ధారించే వరకు మాత్రం కండోమ్ తప్పనిసరి. ప్రభుత్వ ఏఆర్‌టి కేంద్రాలలో మందులు 2004 నుండి ఉచితంగా లభిస్తున్నాయి.

కనుక భార్యకు నిజం చెప్పడం, ఆమెకు పరీక్ష చేయించడం భర్త బాధ్యత. ఒంటరిగా చెప్పలేనప్పుడు ఏఆర్‌టి కేంద్రంలోని కౌన్సెలర్ సహాయం తీసుకోవచ్చు. 1097కు ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. 2017 నాటి చట్టం హెచ్‌ఐవి ఉన్నవారి పట్ల ఉద్యోగంలో, వైద్యంలో వివక్షను నిషేధించింది.

చట్టం ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. అక్కడ ఆదరణ చూపవలసినది మనమే. అన్నం పెట్టే కంచం వేరు చేసిన ఇంట్లో ఏ మందూ పూర్తిగా పనిచేయదు. ఒకే కంచంలో తిన్నందువల్ల, చేయి కలిపినందువల్ల, ఆలింగనం చేసుకున్నందువల్ల హెచ్‌ఐవి రాదు. ఈ ఒక్క సత్యాన్ని మన ఇళ్ళలో పెద్దలు, యువకులు తెలుసుకున్నా, ఎందరో పురుషులు దాక్కోకుండా వైద్యుని వద్దకు వెళ్ళగలుగుతారు.