ఆర్థిక పునరుద్ధరణలో వినియోగదారుల విశ్వాసం – వ్యవసాయోత్పత్తుల గిరాకీ

కోవిడ్ లాక్‌డౌన్ అమలైన 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో భారత స్థూల దేశీయోత్పత్తి 23.9 శాతం క్షీణించినట్లు తొలి అంచనాలు వెల్లడించాయి. అదే కాలంలో వ్యవసాయ రంగం 3.4 శాతం వృద్ధి సాధించింది. పంటకు లోటు రాలేదు. కొనేవారి చేతిలో సొమ్ము, మనసులో ధైర్యం తగ్గాయి.

ఈ ధైర్యాన్ని అంచనా వేయుటకు భారతీయ రిజర్వు బ్యాంకు నగర కుటుంబాలలో వినియోగదారుల విశ్వాస సర్వే నిర్వహిస్తుంది. సాధారణ ఆర్థిక పరిస్థితి, ఉపాధి, ధరలు, ఆదాయం, వ్యయం ఏడాది క్రితంతో పోలిస్తే మెరుగుపడ్డాయా, దిగజారాయా అని ప్రశ్నిస్తారు. మెరుగన్నవారి శాతం నుండి దిగజారిందన్నవారి శాతాన్ని తీసివేసి, ఐదు అంశాల సగటుకు 100 కలిపితే సూచీ వస్తుంది. 100 కంటే తక్కువైతే నిరాశ ఎక్కువగా ఉన్నట్లు. 2021 మే నెలలో ప్రస్తుత పరిస్థితి సూచీ 48.5కు పడిపోయింది. 2021-22లో దేశోత్పత్తి కోవిడ్ పూర్వ స్థాయిని దాటినప్పటికీ, 2024 మార్చి నాటికి కూడా ఈ సూచీ 98.5 వద్దనే నిలిచింది. కోవిడ్‌కు ముందే ఇది 100కు దిగువన ఉండినదన్న సంగతిని మాత్రం విస్మరించరాదు.

విశ్వాసం సన్నగిల్లిన కుటుంబం బియ్యం కొనుగోలును చివరి వరకు తగ్గించదు. వస్త్రాలు, ప్రయాణాలు, గృహోపకరణాలు ముందుగా వాయిదా పడతాయి; ఆహారంలో పండ్లు, మాంసం వంటివి తగ్గుతాయి. ఇదే రైతుకు కీలకాంశం. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల ఖర్చులో ధాన్యాల వాటా 5 శాతంలోపే. 2011-12లో అది దాదాపు 11 శాతం. అనగా రైతు ఆదాయం క్రమంగా నిలకడ తక్కువైన గిరాకీపై ఆధారపడుతున్నది. అదే సర్వేలో తలసరి నెలసరి గ్రామీణ వ్యయం ఆంధ్రప్రదేశ్‌లో రూ. 4,870, తెలంగాణలో రూ. 4,802 కాగా, దేశ సగటు రూ. 3,773 మాత్రమే. కాబట్టి తెలుగు పల్లెలు కూడా ఈ ఉత్పత్తులకు చెప్పుకోదగిన విపణియే.

విశ్వాసానికి ఆదాయంతో సంబంధం లేని సందర్భాలూ ఉన్నాయి. 2020 ఆరంభంలో, లాక్‌డౌన్‌కు ముందే, కోడిమాంసం వల్ల కరోనా సోకుతుందన్న వదంతితో ధరలు కుప్పకూలాయి. హైదరాబాదులో మంత్రులు వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది.

గిరాకీ కోలుకునే వేగం, రైతు ఉత్పత్తిని మార్చుకోగల వేగం ఒకటి కావు. బ్రాయిలర్ పెంపకందారు సుమారు ఆరు వారాలకొక బ్యాచ్ చొప్పున పిల్లల సంఖ్యను సవరించుకోగలడు. మామిడి, బత్తాయి తోట వేసిన రైతుకు కాపు రావడానికే కొన్నేళ్లు పడుతుంది. అందుచేత ఒక్క త్రైమాసికపు వృద్ధి రేటును చూసి తోట విస్తీర్ణాన్ని నిర్ణయించుట అతనికి ప్రమాదకరం.