పన్నెండు వేల ఫోన్‌లో కోత ఎక్కడ పడుతుంది?

50 మెగాపిక్సెల్ కెమెరా, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 120 హెర్ట్జ్ తెర, 5జీ. పన్నెండు వేల ఫోన్ పెట్టె మీద కనిపించేవి ఇవి. పాతిక వేల ఫోన్ పెట్టె తిప్పి చూసినా దాదాపు ఇవే అంకెలు. మరి సగం ధరకే ఎలా ఇవ్వగలుగుతున్నారు? కొన్న ఫోన్ ఏడాదిన్నర తిరిగేసరికి ఎందుకు నత్తనడక పడుతుంది?

ముందు డబ్బు లెక్క. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. అంటే మీరిచ్చే పన్నెండు వేలలో సుమారు 1,830 రూపాయలు పన్నుకే పోతాయి. మిగిలిన పదివేల చిల్లరలోంచి దుకాణదారు లాభం, రవాణా, ప్రకటనలు, వారంటీ ఖర్చు తీసేయాలి. ఆ పైన ఉన్నదే ఫోన్‌కు. బిగింపు మన దగ్గరే జరుగుతుండవచ్చు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. కానీ చిప్, మెమరీ, తెర వంటి ఖరీదైన భాగాలు చాలామటుకు బయటి దేశాల నుంచే రావాలి. వాటి ధర మన చేతిలో లేదు. కాబట్టి కోత తప్పదు. కొనేవాళ్లు అడిగే అంకెల జోలికి మాత్రం కంపెనీ వెళ్లదు. అడగనివాటి మీదే కత్తెర పడుతుంది.

అందులో మొదటిది స్టోరేజీ. పెట్టె మీద 128 జీబీ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది ఏ రకం 128 జీబీ అన్నది చాలాసార్లు ఉండదు. చవక ఫోన్లలో వాడేది ఈఎంఎంసీ అనే పాతరకం. కాస్త పై ధరలో వచ్చేది యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ 5.1 సెకనుకు సుమారు 300 మెగాబైట్లకు మించి చదవడం కష్టం. యూఎఫ్ఎస్ 2.2 అయితే దానికి మూడింతలు. వేగం కంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది. ఈఎంఎంసీ ఒంటిదారి వంతెన లాంటిది: అటు బండి దాటేదాకా ఇటు బండి ఆగాలి. చదువుతున్నప్పుడు రాయలేదు, రాస్తున్నప్పుడు చదవలేదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది.

ఇది రోజువారీ వాడకంలో ఎలా తెలుస్తుంది? వాట్సాప్‌లో బంధువుల గ్రూపు తెల్లవారుజామున పంపే శుభోదయం బొమ్మలన్నీ దిగుతున్నాయనుకోండి. వెనకాల ప్లేస్టోర్ ఏదో యాప్‌ను అప్‌డేట్ చేస్తోంది. అప్పుడే కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే తెరిచారు. స్కానర్ రావడానికి పది క్షణాలు. మనం ప్రాసెసర్‌ను తిట్టుకుంటాం గానీ చాలాసార్లు పాపం దానిది కాదు. అది ఖాళీగానే ఉంది, స్టోరేజీ నుంచి రావాల్సింది రాక ఎదురుచూస్తోంది.

కొత్తలో లేని ఈ జబ్బు తర్వాత ఎందుకొస్తుంది? ఫ్లాష్ మెమరీలో పాత రాత మీద నేరుగా కొత్త రాత రాయడం కుదరదు. ముందు ఒక గడినంతా చెరపాలి, ఆ తర్వాతే రాయాలి. ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు చెరిపి ఉంచిన గడులు బోలెడు, పని చకచకా జరిగిపోతుంది. నిండిపోయాక ప్రతి చిన్న రాతకూ ముందు చోటు ఖాళీ చేసుకోవాలి. అందుకే 64 జీబీ ఫోన్ 60 దాటగానే మొరాయిస్తుంది. ఐదో వంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటే చవక ఫోన్ కూడా చాలాకాలం మర్యాదగా నడుస్తుంది.

ఇక్కడే ఇంకో గమ్మత్తు. '8 జీబీ ర్యామ్' అని పెద్దగా వేసి, పక్కనే చిన్నక్షరాల్లో '4+4' అని రాస్తారు. ఆ రెండో నాలుగు ర్యామ్ కాదు. స్టోరేజీలోంచే కొంత తీసి ర్యామ్‌లా వాడటం. అసలు ర్యామ్ ముందు అది ఎన్నో రెట్లు నెమ్మది. స్టోరేజీ ఈఎంఎంసీ అయితే అసలే సతమతమవుతున్నదాని నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే. నా మటుకు నేను '4+4' ఫోన్‌ను 4 జీబీ ఫోన్‌గానే చూస్తాను, ధర కూడా ఆ లెక్కనే బేరీజు వేస్తాను.

కెమెరా సంగతి మరీ తమాషా. పన్నెండు వేల ఫోన్లో 50 మెగాపిక్సెల్ ఎలా సాధ్యం? పిక్సెల్‌ను చిన్నది చేస్తే సాధ్యమే. ఈ ధరలో ఎక్కువగా కనిపించే సెన్సర్లలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.64 మైక్రాన్లు. అంత చిన్న గడిలో పడే వెలుతురు చాలదు కాబట్టి నాలుగేసి పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కగడతారు. చివరికి మీ చేతికొచ్చేది 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే. పట్టపగలు ఇది బాగానే ఉంటుంది. రాత్రి పెళ్లిలో మండపానికి దూరంగా కూర్చుని తీస్తే అసలు రంగు బయటపడుతుంది. వెలుతురు తక్కువైనప్పుడు షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ సేపట్లో చెయ్యి కదిలితే బొమ్మ చెదురుతుంది. ఖరీదు ఫోన్లలో ఆ కదలికకు తగ్గట్టు లెన్స్‌నో సెన్సర్‌నో సర్దే ఏర్పాటు, ఓఐఎస్, ఉంటుంది. ఇక్కడ ఉండదు. దానికి బదులు '2 మెగాపిక్సెల్ మ్యాక్రో' అంటూ ఇంకో కన్ను పెడతారు. కొన్నింటిలో కెమెరాలా కనిపించే గుండ్రటి చక్రం ఒట్టి అలంకారమే. వెనక ఎన్ని కళ్లున్నాయని లెక్కపెట్టడం అనవసరం.

తెరలోనూ ఇదే చాతుర్యం. 120 హెర్ట్జ్ పానెల్ ఇప్పుడు చవకైంది, దాన్ని నిలకడగా నడిపించే చిప్ చవక కాలేదు. అందుకే 120 అని రాసి ఉన్నా వేలితో పైకి తోసేటప్పుడు తడబడుతుంది. పైగా చాలాటిలో స్పష్టత 720x1600 దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లిష్ చదివేవాళ్లకు అంత తెలియదేమో గానీ, తెలుగు చిన్నక్షరాల్లో చదివితే ఒత్తులు, వట్రుసుడులు అలికినట్టుంటాయి. రోజూ ఫోన్లో పేపరు చదివేవారు 1080 తెర కోసం పట్టుబట్టడమే మంచిది. బయట తిరిగే పనివాళ్లకు, అంటే డెలివరీ చేసేవారికి, పొలంలో ఉండేవారికి, హెర్ట్జ్ కంటే ఎండలో కనిపించే కాంతి ముఖ్యం.

5జీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సిమ్‌లకూ 5జీ వస్తుందా? రాకపోవచ్చు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైనప్పుడు జియో పూర్తిగా విడిగా నిలబడే ఎస్ఏ పద్ధతిని ఎంచుకుంది. ఎయిర్‌టెల్ తన 4జీ మీద ఆనుకుని నడిచే ఎన్ఎస్ఏతో వెళ్లింది. 2024 చివర్లో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ధర 8,499 రూపాయల నుంచి మొదలైంది. అది ఎస్ఏను మాత్రమే అందుకోగలదు. జియోవారికి అది 5జీ ఫోనే, ఎన్ఎస్ఏ మీదున్న ఎయిర్‌టెల్‌వారికి మాత్రం 4జీ ఫోన్.

లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు, మనం అడగని యాప్‌లు ఎందుకుంటాయి? ధరలో రాని లాభం అక్కడి నుంచి రావాలి గనుక. షావోమీ 2018లో ఈ సంగతి ఇంచుమించు బాహాటంగానే చెప్పింది: పరికరాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వం, మిగతాది ఇంటర్నెట్ సేవల ద్వారా సంపాదిస్తాం అని. సెట్టింగుల్లోకి వెళ్లి అరగంట కూర్చుంటే వీటిలో చాలావరకు ఆపేయవచ్చు. కొత్త ఫోన్‌తో చేయాల్సిన మొదటి పని ఇదే.

అన్ని కోతలూ నొప్పించేవి కావు. వెనక ప్లాస్టిక్ ఉంటే పగలదు. ఛార్జింగ్ రెండు గంటలు పట్టినా రాత్రి పెట్టి పడుకునేవారికి ఏం తేడా? ఖరీదు ఫోన్లలో మాయమైపోయిన మెమరీ కార్డు చోటు, ఇయర్‌ఫోన్ రంధ్రం ఇక్కడ ఇంకా బతికున్నాయి. కాకపోతే కార్డుకీ రెండో సిమ్‌కీ ఒకే చోటు ఉందేమో చూసుకోవాలి.

సరే, కొనేటప్పుడు ఎలా పట్టుకోవాలి? 'ఈఎంఎంసీనా, యూఎఫ్ఎస్సా' అని కౌంటర్‌లో కుర్రాడిని అడిగితే అతనికీ తెలియకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్లో పూర్తి వివరాల పట్టిక ఉంటుంది, బయల్దేరే ముందే చూసుకోండి. అక్కడ స్టోరేజీ రకం రాయలేదంటే ఈఎంఎంసీ అనుకోవడమే క్షేమం. దుకాణంలో డెమో ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండలో పట్టి చూడండి. మూలన చీకటిగా ఉన్నచోట ఒక ఫొటో తీయండి. కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకుని తెర ఆరుతోందో లేదో గమనించండి. కొన్ని చవక ఫోన్లలో ఇందుకు విడిగా సెన్సర్ ఉండదు, సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తారు. మాట మధ్యలో చెంప తగిలి కాల్ కట్ అవుతుంది.

చివరిగా అప్‌డేట్లు. 2025 జనవరి నుంచి వాట్సాప్ ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో పనిచేయడం ఆపేసింది. బ్యాంకు యాప్‌లూ పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా వదిలేస్తుంటాయి. శాంసంగ్ తన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. అంతకంటే చవకవాటిలో చాలాటికి ఆ మాట రెండు, మూడేళ్ల దగ్గరే ఆగుతుంది. అందువల్ల కొత్త చవక ఫోన్ కంటే నిరుడు పద్దెనిమిది వేలున్న ఫోన్, ఇప్పుడు తగ్గింపులో పదమూడు వేలకు దొరికితే, అదే మేలని నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకుని లెక్క వేయండి. అప్‌డేట్ల గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేట్టయితే ఇంకో పని ఉంది. డబ్బు చేతిలో పెట్టకముందే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో KYM అని రాసి, పక్కన ఆ నంబరు వేసి 14422కు ఎస్ఎంఎస్ చేయండి. అది బ్లాక్ అయిన ఫోనా కాదా అన్నది జవాబులో వస్తుంది.