మన చెత్త ఎక్కడికి పోతుంది?

పిల్లలూ! అరటిపండు తిన్న తర్వాత తొక్కను ఏం చేస్తారు? “చెత్తడబ్బాలో వేస్తాం” అంటారు. మంచిదే. అక్కడి నుండి అది ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మనం పారవేసిన వస్తువు ఈ లోకం విడిచిపోదు. మన కంటికి కనబడని చోటికి, ఒక్కొక్కప్పుడు మరొకరి వాకిటికి, చేరుతుంది.

మీరుండే షానన్ చిన్న పట్టణం. 1960 తర్వాత విమానాశ్రయం ప్రక్కన, ముందుగా నక్షా గీసుకొని కట్టిన ఊరు. ఇంటి ముందు చక్రాల డబ్బాలు ఉంటాయి. నిర్ణయించిన రోజున లారీ వచ్చి ఖాళీ చేసి పోతుంది. సెలవులలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు వీధి చివర చెత్తకుప్ప, దానిమీద ఆవులు, కుక్కలు కనిపించి ఉండవచ్చు. “ఇక్కడివారికి శుభ్రత తెలియదా?” అని మీకు అనిపించిందా? అలా అనుకోవడం తొందరపాటు. అసలు కారణం వేరు.

పల్లెలో చెత్త

వెనుకటి పల్లెలో చెత్త అనేది దాదాపు లేదు. విస్తరాకులు, కూరగాయల తొక్కలు, పేడ, బూడిద అన్నీ పెంటకుప్పలో వేసేవారు. అవి చివికి ఎరువయ్యేవి. ఆ ఎరువు బండిమీద పొలానికి పోయేది. పొలం నుండి వచ్చింది పొలానికే చేరేది. పగిలిన బిందె, పాత ఇనుము వీధిలో కేక వేస్తూ వచ్చే పాతసామానుల వ్యాపారి కొనుక్కొనేవాడు.

ఆ పల్లె పట్టణమైతే ఏమవుతుంది? ఎరువు వేయడానికి దగ్గరలో పొలం ఉండదు. జనం పదింతలు పెరుగుతారు. విస్తరాకు స్థానంలో ప్లాస్టిక్ పళ్ళెం వస్తుంది. అది మట్టిలో కలవదు. ఊరు పెరిగినంత వేగంగా బండ్లు, పనివారు, స్థలం పెరగవు. అందువలన చెత్త వీధిలో మిగిలిపోతుంది.

కుప్పలో జరిగేది

హైదరాబాదు శివారున జవహర్‌నగర్ ఉంది. నగరపు చెత్తను ఏళ్ళ తరబడి అక్కడ 300 ఎకరాలకు పైగా ఉన్న స్థలంలో పోశారు. కుప్ప గుట్ట అయింది. తడి చెత్త, పొడి చెత్త కలిసిన ఇటువంటి కుప్పలో అడుగున గాలి ఆడదు. అప్పుడు తడి చెత్త కుళ్ళి మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది సులువుగా అంటుకొంటుంది. వాన కురిస్తే చెత్తలోంచి నల్లని నీరు ఊరి నేలలోకి ఇంకుతుంది. జవహర్‌నగర్ దగ్గరి మల్కారం చెరువు ఇలాగే పాడైంది. చుట్టుప్రక్కల జనం దుర్వాసన భరించవలసి వచ్చింది. తర్వాత ఆ గుట్టను మట్టితోను, మందపాటి ప్లాస్టిక్ పొరతోను కప్పారు. చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రం 2020లో అక్కడ మొదలైంది. కాని తడి చెత్త సరిగా మండదు. కాబట్టి యంత్రం పెట్టినా, ముందు చెత్తను వేరుచేయక తప్పదు.

1994లో సూరత్ నగరంలో ప్లేగు వచ్చినప్పుడు దేశమంతా భయపడింది. మురుగు, చెత్త, ఎలుకలు ఎంత ప్రమాదమో అందరికీ తెలిసింది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆమె ఊళ్ళ చెత్త విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2000లో నియమాలు వచ్చాయి. తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి నియమాలు ప్రతి ఇంటికీ చెప్పాయి.

సూర్యాపేట చేసిన పని

చేయదలచుకొంటే చేయవచ్చునని చూపిన ఊరు సూర్యాపేట. హైదరాబాదు నుండి విజయవాడ పోయే దారిలో ఉంది. 2003 ప్రాంతంలో అక్కడ సుమారు లక్షమంది జనాభా. మున్సిపల్ కమిషనర్ ఎస్. ఎ. ఖాదర్ ఇంటింటా తడి చెత్తకు ఒక బుట్ట, పొడి చెత్తకు ఒక బుట్ట పెట్టించారు. ట్రాక్టర్లు వీధివీధికీ తిరిగి చెత్త తీసుకొనేవి. వీధి కుండీలు తీసివేశారు. తడి చెత్తను వానపాముల చేత ఎరువు చేయించారు. పొడి చెత్తను అమ్మారు. ఇందులో గొప్ప యంత్రమేదీ లేదు చూచారా? వెనుకటి పెంటకుప్ప, పాతసామానుల వ్యాపారి తిరిగి వచ్చినట్లే గదా!

ఐర్లండు నేర్చుకొన్నది

ఐర్లండు కూడ మొదటినుండి ఇలా లేదు. 1990ల వరకు ఊళ్ళ చెత్తలో చాలా భాగం గోతులలోనే పూడ్చేవారు. ప్లాస్టిక్ సంచులు కంచెలకు, చెట్లకు వ్రేలాడేవి. 2002 మార్చిలో ఒక్కొక్క సంచికి 15 సెంట్ల పన్ను వేశారు. అంతకుముందు ఏడాదికి మనిషికి 328 సంచులు వాడేవారు. పన్ను తర్వాత అవి 21కి తగ్గాయి! 2024 ఫిబ్రవరి నుండి పానీయాల సీసాకు, డబ్బాకు కొంత సొమ్ము ముందే తీసుకొని, ఖాళీది తిరిగి ఇస్తే ఇచ్చివేస్తున్నారు. చిన్నవాటికి 15 సెంట్లు, పెద్దవాటికి 25 సెంట్లు. దుకాణంలోని ఆ యంత్రం చేసేది మన పాతసామానుల వ్యాపారి పనే.

మనం చేయవలసినది

చెత్త ఎత్తేవారు మనవంటి మనుషులే. పగిలిన గాజుముక్కను అలాగే సంచిలో పడవేస్తే అది వారి చేతిని కోస్తుంది. మందపాటి కాగితంలో చుట్టి వేయండి. మెతుకులు, తొక్కలు ఒక డబ్బాలో, కాగితం, ప్లాస్టిక్ మరొక డబ్బాలో వేయండి. చెత్త వేరుచేయడానికి ఇంట్లో పట్టేది ఒక్క నిమిషం. కలిసిపోయిన తర్వాత గుట్ట దగ్గర ఎంతమంది ఎన్నాళ్ళు ఏరినా అది పూర్తిగా వేరుపడదు. షానన్‌లో ఉన్నా, సూర్యాపేటలో ఉన్నా ఆ నిమిషం మన చేతిలోనే ఉంది.

ప్రశ్నలు

1. వెనుకటి పల్లెలో చెత్త ఎందుకు మిగిలేది కాదు?
2. తడి చెత్త, పొడి చెత్త కలిపితే వచ్చే నష్టాలు ఏవి?
3. ఒక వారం మీ ఇంటి డబ్బాలలో ఏమేమి పడుతున్నవో వ్రాయండి. వాటిలో వేటిని తగ్గించవచ్చునో ఇంట్లో పెద్దలతో మాట్లాడండి. అమ్మమ్మను గాని, తాతయ్యను గాని అడిగి, వారి చిన్ననాడు చెత్తను ఏం చేసేవారో తెలిసికొని తరగతిలో చెప్పండి.